తీగ మీద పదకొండు డేగలు: ఇవేం పిట్టలో చెప్పండి

ఉరవకొండ మేష్టారు | నవంబరు 23, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. ఈ పిట్టల గ్రూపులో చేరి ఏడాది దాటింది. మీరు రాసేవి చదువుకోవడమే తప్ప నేను రాసింది లేదు. ఈరోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

రెండు రోజులు ముసురు పట్టి, ఈ మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. సాయంత్రం నాలుగున్నరకి బండి మీద ఇంటికొస్తున్నా. ఊరు ఇంకా అయిదారు కిలోమీటర్లు ఉందనగా, పప్పుశనగ చేల మధ్య కరెంటు తీగల మీద వరసగా పిట్టలు కనిపించాయి. పావురాలే అనుకుని దాటిపోయాను. పావురాలైతే అంత ఎడం ఎడంగా కూర్చోవు కదా అని తట్టి బండి వెనక్కి తిప్పాను. లెక్కపెడితే పదకొండు. అన్నీ డేగలే! ఒంటరిగా తిరిగే డేగను చూశాను, జంటను చూశాను. పదకొండు ఒకే తీగ మీద కూర్చోవడం నా యాభై రెండేళ్ళలో ఇదే మొదలు.

నల్లరేగడి తడిసిపోయి బండి స్టాండు దిగబడుతుంటే, ఒక రాయి వెతికి దాని కింద పెట్టి అక్కడే నిలబడిపోయాను. గట్టు పక్క పుట్టలోంచి ఉసిళ్ళు లేస్తున్నాయి. ఒక డేగ తీగ వదిలి, నాలుగుసార్లు రెక్కలు కొట్టి, కాలు ముందుకు చాపి ఒక ఉసిలిని అందుకుంది. కిందికి దిగలేదు, తీగ మీదికీ రాలేదు. ఎగురుతూనే కాలిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని తినేసింది. ఉసిలి రెక్కలు మాత్రం ఊడి, తిరుగుతూ కిందికి రాలాయి. మనం వేయించిన శనక్కాయలు నలిపి పొట్టు ఊదుకుంటామే, అలాగ. పదకొండూ అదే పని. చప్పుడు లేదు.

బైనాక్యులర్‌కి ఫోన్ ఆనించి తీసిన ఫోటో కింద పెట్టాను. ఫోటో అనకూడదు దాన్ని, బూడిదరంగు మరక. నవ్వకండి. ఇవేం పిట్టలో చెప్పండి.

పసులపోలిగాడు | నవంబరు 23, రాత్రి 8:22

జాలె డేగలు మేష్టారూ. మా వరంగల్లో గల్లీకొకటి ఉంటది. కేస్ క్లోజ్.

తాటితోపు | నవంబరు 23, రాత్రి 8:51

అంత తొందరేంటి పోలిగా. జాలె డేగ గుంపు కట్టదు. తీగ మీద కూర్చుని గాల్లో ఉసిళ్ళు ఏరుకుని తినే ఓపిక దానికి లేదు. తొండనో పిచ్చుకనో మాటువేసి పట్టి, కొమ్మ మీద పెట్టుకుని పీక్కు తింటుంది.

మేష్టారూ, ఫోటో సంగతి వదిలేయండి. కళ్ళతో చూసింది చెప్పండి. ఒకటి, కాళ్ళ రంగు. రెండు, కూర్చున్నప్పుడు రెక్కల కొసలు తోక చివరిదాకా వచ్చాయా, ముందే ఆగిపోయాయా. మూడు, కంటి చుట్టూ, ముక్కు మొదట్లో ఏమన్నా రంగుందా. నాలుగు, పదకొండూ ఒకే తీరుగా ఉన్నాయా, రెండు రకాలుగా కనిపించాయా. గుర్తు లేనివి లేవని చెప్పండి, ఊహించి పూరించొద్దు. నేను నలభై ఏళ్ళుగా చేస్తున్న తప్పు అదే.

లెన్సుబాబు | నవంబరు 23, రాత్రి 9:05

ఫోటో యాప్‌లో వేసి చూశాను. 'హాబీ' అనే రకం డేగ అంటోంది, నమ్మకం మాత్రం తక్కువ చూపిస్తోంది. నిజానికి ఈ ఫోటోతో ఏమీ తేలదు. మేష్టారూ, లొకేషన్ పిన్ పంపండి. హైదరాబాద్ నుంచి రాత్రికి బయల్దేరితే తెల్లారేసరికి అక్కడుంటా. 600 ఎంఎం లెన్సుంది, పది నిమిషాల్లో తేల్చేద్దాం.

ఉరవకొండ మేష్టారు | నవంబరు 23, రాత్రి 9:40

తాటితోపు గారూ, మీరు అడిగింది మంచిదైంది. హాజరు పట్టీ వెనక పేజీలో అక్కడే నిలబడి రాసుకున్నాను, ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నా.

కాళ్ళు ఎరుపు. మిరపపండు ఎరుపు కాదు, కాస్త నారింజ కలిసింది. కంటి చుట్టూ, ముక్కు మొదట్లో కూడా అదే రంగు. రెక్కల కొసలు తోక చివర దాకా వచ్చాయి. రెండు రకాలున్నాయి. నాలుగేమో పొయ్యిలో బూడిద తడిస్తే ఎలా ఉంటుందో ఆ రంగు, ఒళ్ళంతా ఒకటే, తొడల దగ్గర మాత్రం ఇటుకరంగు. మిగతా ఏడింటికి పొట్ట తెల్లగా, దాని మీద నల్లటి మచ్చలూ గీతలూ. వీటి తొడలు లేత పసుపు. వీపు సరిగ్గా చూడలేదు, ఎండ ఎదురుగా ఉంది.

ఎగిరేటప్పుడు రెక్కల అడుగు ఎలా ఉందంటారా, గమనించలేదు. ఉసిళ్ళ మీదే ఉంది నా కన్ను.

పికిలిపిట్ట | నవంబరు 23, రాత్రి 9:58

బూడిద రంగు, ఎరుపు కన్ను అంటే అడవి రామదాసు కాదు కదా? మా టెక్కలి పొలాల్లో తీగల మీద అవే కూర్చుంటాయి.

పసులపోలిగాడు | నవంబరు 23, రాత్రి 10:01

అడవి రామదాసా! పిట్టకి ఆ పేరెవరు పెట్టారక్కా?

పికిలిపిట్ట | నవంబరు 23, రాత్రి 10:15

పాత పేరే తమ్ముడూ. నెల్లూరులో డాక్టరుగా చేసిన జెర్డన్ అనే దొర పందొమ్మిదో శతాబ్దంలో మన పిట్టల తెలుగు పేర్లు ఊళ్ళలో అడిగి రాసుకున్నాడు. ఆ పేర్లలో ఇదీ ఉంది. తెల్లగా, భుజాల మీద నల్ల మచ్చతో ఉంటుంది. గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడిపోతుంది. చేతులు పైకెత్తి భజనలో నిలబడ్డట్టుంటుంది, అందుకే ఆ పేరేమో అని నా ఊహ. 'తొండలముచ్చు గద్ద' పేరు విన్నావా? అది ఇంగ్లీషులో కెస్ట్రెల్ అనే డేగ. ఆ పేరు చాలు, దాని తిండేంటో వేరే చెప్పక్కర్లేదు.

తాటితోపు | నవంబరు 23, రాత్రి 10:37

అమ్మా పికిలీ, అడవి రామదాసుకి కన్నే ఎరుపు. మేష్టారు చెప్పింది కంటి చుట్టూ ఉన్న వలయం. దాని కాళ్ళు పసుపు కూడా. కాబట్టి అది కాదు.

తొండలముచ్చు కూడా కాదు. దాని వీపు ఇటుకరంగు, తోక పొడుగు, రెక్కలు తోక చివరిదాకా రావు. తాటిచెట్ల మీదుండే ఎర్రమెడ డేగకి తల ఎర్రగా ఉంటుంది, పొట్టంతా సన్నని అడ్డగీతలు, కాళ్ళు పసుపు.

ఇక మిగిలింది యాప్ చెప్పిన హాబీ. బాబూ లెన్సూ, అది మరీ తప్పు మాట కాదు. మచ్చల పొట్ట ఉన్నవాటిని చూస్తే ఎవరైనా హాబీ అనే అంటారు. ఎగురుతూ పురుగుల్ని కాలితో ముక్కుకి అందించుకోవడం కూడా హాబీ చేసే పనే. కానీ దాని కాళ్ళు పసుపు, తొడలు ముదురు ఇటుకరంగు. మేష్టారి పిట్టల్లో మచ్చలున్నవాటికి తొడలు లేత పసుపు, ఇటుకరంగు తొడలేమో ఒంటిరంగు పిట్టలకి. రెండు రకాలూ ఒకే తీగ మీద, అన్నిటికీ ఎర్రకాళ్ళు. అంటే ఇవి రెండు జాతులు కావు. ఒకే జాతి, ఆడా మగా.

నా మనసులో పేరుంది, ఇప్పుడే చెప్పను. మేష్టారూ, రేపు పొద్దున వీలైతే మళ్ళీ వెళ్ళండి. బూడిదరంగు పిట్ట ఎగిరేటప్పుడు రెక్క అడుగు చూడండి, ఒక్క రెక్క అడుగే. ముందు భాగం నల్లగా ఉంటే ఒక కథ, తెల్లగా ఉంటే ఇంకో కథ.

లెన్సుబాబు | నవంబరు 23, రాత్రి 10:44

ఈ సస్పెన్సెందుకు సార్? పిన్ పంపిస్తే నేను వెళ్తానంటున్నా కదా.

తాటితోపు | నవంబరు 23, రాత్రి 10:52

పిన్ ఇక్కడ పెట్టొద్దు మేష్టారూ. ఇక్కడ రాసేది మనం తొమ్మిది మందిమే, చదివేది ఎవరో తెలీదు. పూరేడు పిట్టలకి వలలు వేసేవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు.

లెన్సుబాబు | నవంబరు 23, రాత్రి 11:03

అందరూ దొంగలేనా? పెద్దవాళ్ళు చూసింది చూసినట్టు దాచుకుంటే మాలాంటివాళ్ళు నేర్చుకునేదెప్పుడు? పైగా ఫోటో లేకుండా, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో వేస్తే అరుదైన పిట్టకి రివ్యూయర్ ఆధారం అడుగుతాడు. 'హాజరు పట్టీలో రాసుకున్నాం' అని చెప్తారా?

తాటితోపు | నవంబరు 23, రాత్రి 11:10

చెప్తాం. వివరంగా రాసిన నోట్సు కూడా ఆధారమే. కెమెరాలు రాకముందు ఈ దేశంలో పిట్టల్ని గుర్తుపట్టినవాళ్ళంతా అలాగే పట్టారు. నీ మీద కోపం లేదు నాయనా. పొద్దున మాట్లాడుకుందాం, నాకు బీపీ మాత్ర టైమైంది.

ఉరవకొండ మేష్టారు | నవంబరు 24, ఉదయం 9:15

స్కూలుకి వెళ్ళేముందు ఆరుంపావుకే అక్కడున్నా. నిన్న పదకొండు, ఈరోజు మూడే. ఎనిమిది వెళ్ళిపోయాయి. గుండె జారినంత పనైంది.

ఆ మూడింట్లో ఒకటి బూడిదది. అది ఎప్పుడు లేస్తుందా అని ఇరవై నిమిషాలు మెడ ఎత్తి నిలబడ్డా. పాలక్యాన్లు తీసుకెళ్ళే అబ్బాయి బండి ఆపి, "ఏం సార్, కరెంటు పోయిందా?" అని అడిగాడు. తల దించి వాడికి జవాబు చెప్తుండగా అది లేచింది! తల ఎత్తేసరికి అవతలి చేనుమీదికి పోయింది. ఆ అబ్బాయిని తిట్టలేను, వాడి తప్పేముంది.

ఇంకో పదిహేను నిమిషాలకి ఎండ కాస్త ఎక్కింది. తూనీగలు లేచాయి. ఈసారి అది నా నెత్తిమీదికే వచ్చింది. తాటితోపు గారూ, తెలుపు! ఒళ్ళంతా మసి పూసుకున్న పిట్ట రెక్క విప్పితే లోపల ఉతికిన తువ్వాలు పరిచినట్టుంది. వెనక భాగం, కొసలు నల్లగా, ముందు భాగం తెల్లగా. మళ్ళీ మళ్ళీ తిరిగింది. నాలుగుసార్లు చూశాను. నోట్లోంచి 'అబ్బా' అని పైకే వచ్చేసింది. పాలబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు, వాడికి బైనాక్యులర్ ఇస్తే వాడూ చూశాడు.

ఫోటో రాలేదు. రెండు చేతులూ బైనాక్యులర్ మీదే ఉన్నాయి.

తాటితోపు | నవంబరు 24, ఉదయం 9:31

అమూర్ డేగ! అమూర్ ఫాల్కన్. మేష్టారూ, మీ చేయి ఇలా ఇవ్వండి, దూరం నుంచే కలుపుతున్నా.

రెక్క అడుగు నల్లగా ఉంటే యూరప్ వైపుండే ఎర్రకాళ్ళ డేగ అయ్యేది. అన్నిట్లోనూ అన్నదమ్ముల్లా ఉంటాయి. మగవాటికి ఈ ఒక్క తెలుపే తేడా. అందుకే రాత్రి పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే మీకు తెలుపే కనిపించేది, అక్కడ ఉన్నా లేకపోయినా. పేరు ముందు తెలిస్తే కన్ను దానికి తగ్గట్టు చూసేస్తుంది. బాపట్ల తీరంలో ఒక శీతాకాలం వారం రోజులు నేనొక ఉల్లంకి పిట్టని ఇలాగే అరుదైనదాన్ని చేసి కూర్చోబెట్టాను. ఎనిమిదో రోజు దానిపక్కనే దాని జోడు వచ్చి నిలబడితే పరువు పోయింది.

లెన్సుబాబు | నవంబరు 24, ఉదయం 9:50

ఒప్పుకుంటున్నా. మేష్టారూ, కంగ్రాట్స్. కుళ్ళుగా ఉంది, అదీ ఒప్పుకుంటున్నా.

పికిలిపిట్ట | నవంబరు 24, ఉదయం 10:20

అయ్యో, ఇవేనా నాగాలాండ్‌లో వలలేసి చంపినవి? 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర లక్షకు పైగా చంపారన్న అంచనా చదివి ఆ రోజు అన్నం సయించలేదు నాకు. తర్వాతి ఏడాదే ఆ ఊళ్ళ పెద్దలు కట్టడి చేసి వేట ఆపించారు. ఇప్పుడు పాంగ్తీ గ్రామానికి జనం డేగల్ని చూడటానికి వెళ్తున్నారు.

తాటితోపు | నవంబరు 24, ఉదయం 11:05

అవేనమ్మా. సైబీరియా, ఉత్తర చైనాల్లో పిల్లల్ని లేపి, అక్టోబరులో నాగాలాండ్, మణిపూర్, అస్సాంలలో ఆగి ఉసిళ్ళు తిని కొవ్వు పట్టించుకుంటాయి. అక్కణ్నుంచి మన ద్వీపకల్పం అడ్డంగా దాటి అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకి పోతాయి. సముద్రం మీదే మూడు వేల కిలోమీటర్లకి పైగా, ఎక్కడా ఆగడానికి ఉండదు. ఏటా రానూపోనూ 20,000 కిలోమీటర్లు దాటుతుంది. ఆ పిట్ట బరువు నూటయాభై గ్రాములు అటూ ఇటూ. మన అరచేతిలో పట్టే రెండు జామకాయలంత.

2013లో నాగాలాండ్‌లో మూడింటికి ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టారు. అప్పట్నుంచి దారి బాగా తెలిసింది. మన తెలుగు జిల్లాల మీదుగా పోయేవి చాలావరకు పైనుంచే పోతాయి, ముసురుపడితేనో తిండి దొరికితేనో కాసేపు దిగుతాయి. మేష్టారికి ముసురూ దొరికింది, ఉసిళ్ళూ దొరికాయి.

తూనీగల సంగతి కూడా చెప్పాలి. చార్లెస్ ఆండర్సన్ అనే ఆయన మాల్దీవుల్లో ఏటా ఈ కాలంలో తూనీగలు మబ్బుల్లా దిగడం చూసి, అవి ఇండియా నుంచి సముద్రం దాటి ఆఫ్రికాకి పోతున్నాయని 2009లో రాశాడు. అదే గాలి, అదే కాలం, అదే దారి. డేగలు సముద్రం మీద ఆ తూనీగల్నే తింటూ పోతాయని అంచనా. పొద్దున మీ చేలో తూనీగలు లేచాక డేగ లేచిందన్నారు చూశారా, ఆ వాక్యం చదివి నా ఒళ్ళు జలదరించింది.

పికిలిపిట్ట | నవంబరు 24, మధ్యాహ్నం 12:40

నాకు నవ్వొచ్చే సంగతొకటి ఉంది. మా పక్కన తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి కదా. వాటిని జనమంతా 'సైబీరియా పక్షులు' అంటారు, పేపర్లలో కూడా అలాగే వస్తుంది. ఆడపడుచులు పురిటికి వచ్చినట్టు వచ్చాయని మా అత్తగారి మాట. కానీ అవి మన దేశపు పిట్టలే. పిల్లల్ని పెట్టుకోవడానికి మన చెట్లకే వస్తాయి, సైబీరియా మొహం చూసినవి కావు. అసలు సైబీరియా నుంచి వచ్చే పిట్టేమో ఉరవకొండ కరెంటు తీగ మీద కూర్చుంటే దాన్ని పావురమనుకుని దాటిపోతున్నాం!

ఉరవకొండ మేష్టారు | నవంబరు 24, మధ్యాహ్నం 1:15

ఆ దాటిపోయింది నేనేనమ్మా. ఒప్పుకున్నా కదా.

జోబర్గ్ తెలుగోడు | నవంబరు 24, సాయంత్రం 6:30

ఈ గ్రూపులో నేను దేశం మీద బెంగతో ఉంటాను తప్ప పిట్టల గురించి పెద్దగా తెలీదు. కానీ ఈ మాట చెప్పి తీరాలి. మేష్టారూ, మీరు చూసినవి ఇంకో రెండు మూడు వారాల్లో ఇక్కడికొస్తాయి!

దక్షిణాఫ్రికాలో మేముండే వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా రోడ్డు పక్క తీగల మీద ఇవే. మా ఆఫీసులో తెల్లాయన ఒకాయన చూపించాడు. క్వాజులు-నాటల్ రాష్ట్రంలో కొన్ని ఊళ్ళ మధ్యలో పెద్ద పెద్ద నీలగిరి చెట్లున్నాయి, సాయంత్రమయ్యేసరికి వేలల్లో వచ్చి వాలతాయి. పోయిన జనవరిలో న్యూకాజిల్ వెళ్ళినప్పుడు చూశాను. మొదట ఆకాశంలో మిరియాలు చల్లినట్టు కనిపించాయి. తర్వాత ఆ మిరియాలు చుట్టూ తిరుగుతూ దిగాయి, అరగంటసేపు దిగుతూనే ఉన్నాయి. 2010లో ఆ ఊళ్ళోనే పది పిట్టలకి ట్రాన్స్‌మిటర్లు కట్టారట.

అప్పుడు నా పక్కన డర్బన్ నుంచి వచ్చిన ఒక తాతగారున్నారు. వాళ్ళ ముత్తాత చెరుకు తోటల్లో పనికి మద్రాసు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆయనకి తెలుగు నాలుగైదు మాటలే వచ్చు. ఇవి ఇండియా మీదుగా వస్తాయని మా ఆఫీసాయన చెప్తే, తాతగారు నావైపు తిరిగి "మన ఊరు?" అన్నారు, తెలుగులో. నాకప్పుడు తెలీక ఊరికే తల ఊపాను. ఈసారి కనిపిస్తే ఉరవకొండ పేరు చెప్తాను.

పసులపోలిగాడు | నవంబరు 24, సాయంత్రం 6:48

అన్నా, ఏం రాసినవన్నా. జాలె డేగ అన్న నా పోస్టు డిలీట్ చేసుకోవచ్చా?

తాటితోపు | నవంబరు 24, సాయంత్రం 6:55

వద్దు. ఉండనీ. అది లేకపోతే ఈ సంభాషణే లేదు.

కడపకుర్రోడు | నవంబరు 24, రాత్రి 8:20

తప్పుగా గుర్తుపట్టిన పోటీ పెడితే మొదటి బహుమతి నాకే రావాలి.

ఇంటర్లో ఉన్నప్పుడు లంకమల పక్కన మా మామ వాళ్ళ బీడులో, పట్టపగలు, పొడుగు కాళ్ళ పిట్టొకటి పరిగెత్తి ఆగి, పరిగెత్తి ఆగి కనిపించింది. కంటి మీద తెల్ల గీత, నల్ల గీత. అంతే, ఎంతో అరుదైన కలివికోడి అని ఊరంతా చాటాను. మా మామ టీ కొట్టు దగ్గర పదిమందికి చెప్పాడు. ఒక విలేకరి కూడా వచ్చాడు.

తీరా చూస్తే ఎర్ర చితవ. ఇండియన్ కోర్సర్. బీడుల్లో మామూలుగా తిరిగేదే. కలివికోడి రాత్రి పిట్ట, పొదల మధ్య ఉంటుంది, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పట్టపగలు బీడులో నిలబడి నాకు ఫోజు ఎందుకిస్తుంది? ఈ మాత్రం ఆలోచన ఉంటే ఇంటర్లో ఫిజిక్స్ పోయేది కాదు.

కానీ ఆ సిగ్గుతోనే కలివికోడి గురించి దొరికిందల్లా చదివాను. 1848లో లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, ఇక లేదనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ గారు ఊరూరా బొమ్మ పట్టుకుని అడుగుతూ తిరిగితే, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రి లైటు వేసి దాన్ని పట్టాడు. ఎనభై ఆరేళ్ళు పండితులకి దొరకంది ఆయన చేతికి దొరికింది. ఊళ్ళోవాళ్ళకి అది ముందునుంచీ తెలుసు, పేరే ఉంది కదా. కలివి పొదల్లో దూరే కోడి, కలివికోడి. ఆ తర్వాత కూడా అది కంటికి చిక్కింది తక్కువే. పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి, పొద్దున్నే అడుగుల గుర్తులు వెతికేవాళ్ళు. 2025 ఆగస్టులో మా జిల్లాలోనే చిన్న బృందం ఒకటి రాత్రిపూట దాని కూత రికార్డ్ చేసింది. రెండు ముక్కల కూత, 'ట్విక్-టూ' అని. నేను ఆ రాత్రి పన్నెండు కిలోమీటర్ల దూరంలో నిద్రపోతున్నా.

బాల్కనీ బర్డర్ | నవంబరు 25, ఉదయం 7:10

మీ అందరివీ పొలాలు, కొండలు. నాది నల్లగండ్లలో మూడో అంతస్తు. అయినా చెప్తాను.

నెల క్రితం పొద్దున్నే వాచ్‌మన్ ఫోన్ చేశాడు, "మేడమ్, లిఫ్ట్ పక్కన చిలక పడింది" అని. కిందికి వెళ్తే చిలక కాదు. అరచేతిలో పట్టేంత, తోక ఉందా లేదా అన్నంత పొట్టి. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలం తళుకు, కంటిమీద దొంగ ముసుగులా నల్లపట్టీ, పొట్ట పసుపు కలిసిన గోధుమ, తోక కింద కుంకుమ. పొన్నంకి పిట్ట! హిందీలో నవరంగ్ అంటారు. రాత్రిపూట వలస పోతూ లైట్లకి తడబడి అద్దానికి కొట్టుకున్నట్టుంది.

అందరూ నీళ్ళు పోయమంటారు. పోయకూడదు, ముక్కు రంధ్రాల్లోకి పోతుంది. చెప్పుల డబ్బాకి చిల్లులు పెట్టి, అడుగున పాత టీషర్టు వేసి, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టాను. రెండు గంటలకి లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు. వెనక పొదల దగ్గర మూత తీస్తే వెంటనే ఎగరలేదు. డబ్బా అంచు మీదికెక్కి, ఎడమ కన్నుతో ఒకసారి, కుడి కన్నుతో ఒకసారి నన్ను చూసి, గెంతుకుంటూ ఎండుటాకుల్లోకి పోయింది. సాయంత్రం ఆరింటికి అదే పొదలోంచి రెండు ముక్కల ఈల వినిపించింది.

మా వాచ్‌మన్ ఇప్పుడు రోజూ ఆరింటికి ఆ పొద దగ్గర నిలబడుతున్నాడు. అది ఏనాడో పోయిందని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు.

లెన్సుబాబు | నవంబరు 25, ఉదయం 8:02

ఫోటో తీశారా?

బాల్కనీ బర్డర్ | నవంబరు 25, ఉదయం 8:05

చేతిలో పిట్టుందండీ బాబూ.

లెన్సుబాబు | నవంబరు 25, ఉదయం 8:30

సరే సరే. తాటితోపు సార్, రాత్రంతా ఆలోచించాను. నా దగ్గర నలభై వేల ఫోటోలున్నాయి. అందులో ఇంటికొచ్చి స్క్రీన్ మీద జూమ్ చేశాక పేరు కనుక్కున్నవే ఎక్కువ. పిట్ట ఎదురుగా ఉన్నప్పుడు నేను చూసింది షట్టర్ స్పీడు. మేష్టారిలా కాళ్ళ రంగు చెప్పమంటే నావల్ల కాదు. లొకేషన్ విషయంలో మాత్రం మీతో ఇంకా ఒప్పుకోను, అది వేరే చర్చ.

తాటితోపు | నవంబరు 25, ఉదయం 9:12

వేరే చర్చే. దాని మీద నాకూ రెండు మనసులున్నాయి. దాచిపెడితే ఆ చోటు ఎవరికీ తెలీకుండానే ప్లాట్లయిపోతుంది, బయటపెడితే ఇంకో బాధ. నువ్వు బాపట్ల రా. సూర్యలంకలో ఉల్లంకి పిట్టలు చూద్దాం. కెమెరా తెచ్చుకో, మొదటి గంట మాత్రం సంచిలోనే ఉండాలి.

ఉరవకొండ మేష్టారు | నవంబరు 27, సాయంత్రం 5:20

తీగ ఖాళీ. నిన్న, ఈరోజు రెండు పూటలా వెళ్ళి చూశాను. ఒక్క పసులపోలిగాడు కూర్చున్నాడు, మన పోలిగాడు కాదు, అసలైన పిట్ట.

ఆరో తరగతి పిల్లలకి ఈ కథ చెప్పాను. మ్యాపు మీద సైబీరియా నుంచి దారం కట్టి, ఉరవకొండ దగ్గర గుండుసూది గుచ్చి, ఆఫ్రికా దాకా లాగాను. అప్పట్నుంచి విరామంలో నా బల్ల దగ్గర క్యూ. కాకి, గోరింక, కాకి, జెముడు కాకి. ఒకడు కోడిని కూడా చెప్పాడు.

ఈరోజు మధ్యాహ్నం వెనక బెంచీ కుర్రాడొకడు వచ్చాడు. క్లాసులో నోరు విప్పడు వాడు. "సార్, స్కూలు వెనక చింతచెట్టు కింద కొత్త పిట్ట సార్. కాళ్ళు లేత గులాబీ. వీపు మట్టిరంగు. రొమ్ము తెలుపు, దాని మీద రెండు నల్ల పట్టీలు, కింది పట్టీ మధ్యలో తెగింది. రెక్క మీద తెల్లగీతలు రెండు. కంటి చుట్టూ ఏమీ లేదు సార్, మీరు అడుగుతారని చూసిన" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంకో మాట, తోక ఊపుతూనే ఉందట. నేను వెళ్ళేలోపు గంట కొట్టారు, పిట్ట పోయింది.

పట్టీలంటే కలివికోడా అనుకున్నా. చింతచెట్టు కింద కలివికోడేంటి? తాటితోపు గారూ, ఏమంటారు?

తాటితోపు | నవంబరు 27, సాయంత్రం 5:34

మేష్టారూ, ఆ కుర్రాణ్ణి ఒక్కటే అడగండి. తోక పైకీ కిందికీ ఊపిందా, పక్కలకి ఊపిందా?

ఉరవకొండ మేష్టారు | నవంబరు 27, సాయంత్రం 5:41

వాళ్ళింట్లో ఫోన్ లేదు. వాళ్ళ వీధి నాకు తెలుసు, బండి తీస్తున్నా.